పెరిగిన రూపాయి, ఆ ఏటి జొన్నలు

ఆ ఏడు మా అత్త చేతిలో డబ్బు ఉండి కూడా జొన్నలు కొననన్నది.

మాది ఆదోని. నా భర్త పత్తి మార్కెట్లో హమాలీ. నేనూ మా అత్తా బుడ్డల గోడౌనులో గింజలు ఏరే పనికి పోయేవాళ్లం. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. మాకు సెంటు భూమి లేదు. అయినా తినే జొన్నలను అంగడిలో సేరు సేరుగా కొనుక్కోవడం మా అత్తకు నామోషీ. ఆమె పుట్టిల్లు నందవరం పక్క పల్లె. అక్కడ ఆమె తమ్ముడికి నల్లరేగడి చేను ఉంది. కళ్లం పని అయిపోగానే ఆయన అక్క కోసం ఏడాదికి సరిపడా బస్తాలు పక్కన పెట్టి, ఎద్దులబండిలో ఎమ్మిగనూరు దాకా తెచ్చి, అక్కడ ఆదోని బస్సు టాపు మీదికి ఎక్కించేవాడు. ఇక్కడ నా భర్త దించుకునేవాడు. శివరాత్రికీ ఉగాదికీ నడుమ ఏదో ఒక రోజు ఇది జరిగేది. కొత్త జొన్నలు వచ్చే ఆ రోజుల్లో ధర అణిగి ఉంటుంది. వానలు పడే నాటికి లేస్తుంది. కూలి డబ్బుల్లో మిగిలిందంతా మా అత్త తన వక్కాకు తిత్తిలో మడిచి పెట్టుకునేది ఆ ఒక్క రోజు కోసమే.

బస్తాలు ఇంట్లోకి వచ్చినాక ఆమె వేపాకు దూసి జొన్నల్లో కలిపేది. గోతం మూతులు దబ్బళంతో కుట్టి, గోడవారగా పేర్పించి, వాటికి వీపు ఆనించి కాళ్లు చాపుకునేది. "ఇంగ ఈ యేడు మనకు ఎవురితోనూ పని లేదు" అనేది. ఏడాదిలో ఆమె అంత నెమ్మదిగా కూర్చున్నది నేను మళ్లీ చూసేదాన్ని కాదు.

అట్లాంటి మనిషి కొననన్నది. కారణం అడిగితే రూపాయి పెరిగిందన్నది.

ఆ మాట మాకు గోడౌనులో తగిలింది. డెబ్బైల దశకం చివరి రోజులవి. గోడౌనులో వలిచిన గింజలను నేల మీద కుప్పలుగా పోసేవాళ్లు. ఒక్కో కుప్ప ముందర ఒక్కో ఆడమనిషి. ముడత పడినవి, బద్దలైనవి, మచ్చ ఉన్నవి, పొట్టు ఊడినవి తీసేయాలి. మిగిలిన నున్నటి గింజలు గోతాలకెక్కి, బొంబాయికి పోయి, ఓడెక్కి బయటి దేశాలకు పోతాయని మేస్త్రీ చెప్పేవాడు. అక్కడి వాళ్లకు నాలుగు బద్దలు కనపడితే చాలు, గోతం వెనక్కి పంపిస్తారట. నా పక్క కుప్ప దగ్గర కూర్చునే ఆమెను మేమందరం ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. దూదేకులవాళ్లు ఉండే పింజారీ గేరి నుంచి వచ్చేది, నోటికి తాళం ఉండేది కాదు. "పెండ్లిసూపులకొచ్చి మా అత్త నన్ను గూడా ఇంత సూపు సూడలేదమ్మా" అనేది ఒక్కో గింజను తిప్పి చూస్తూ. "సూసింటే మచ్చలు కనపడేవి, ఎనక్కి పంపిచ్చేది" అని మా అత్త అందుకునేది.

తీసేసిన గింజలకు అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఎవరి కుప్పలో తీసిన తాలు, బద్దలు వాళ్లకే శనివారం సాయంత్రం చవగ్గా ఇచ్చేవాళ్లు. వాటిని ఎండబెట్టి గానుగకు తీసుకుపోతే ఇంటికి నూనె వచ్చేది. నూనె తీసినాక మిగిలే చెక్కను గానుగాయనకే వదిలేస్తే ఆడించిన కూలి కింద సరిపోయేది. అందువల్ల మాకు నూనె కొనడమంటే ఏమిటో తెలియదు. తిండికి జొన్నలు అత్త పుట్టింటి నుంచి, నూనె మా చేతి కింద బద్దల నుంచి. మిగతా ప్రపంచంలో దేని ధర ఎట్లున్నా ఈ రెండూ మా ఇంట్లో ఉండేవి.

ఒకనాటి పొద్దున మేస్త్రీ గుమ్మంలోనే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మల్లారా, రేపట్నుంచి సగం మందే రాండి. వంతులేసుకోండి. మల్ల, గోతానికిచ్చే కూలి గూడా కొంచెం తగ్గుతాది. సేటు సెప్పమన్నాడు."

"ఎందుకప్పా? మేమేం తప్పు చేస్తిమి?" అన్నది మా అత్త.

"మీ తప్పేం లేదు. రూపాయి పెరిగిండాది."

గింజలు దొర్లే చప్పుడు ఆగిపోయింది. ఆపానే ముందుగా తేరుకుంది.

"పెరిగితే మాకు ఎక్కువియ్యల్ల గదన్నా! తగ్గిస్తారేమి?"

మేస్త్రీ తలపాగా కిందికి వేలు పోనిచ్చి గోక్కున్నాడు. "అది నోట్ల సంగతి గాదక్కా. బయటి దేశపోల్లు వాల్ల దుడ్లిస్తారు గదా, వాటిని బ్యాంకులో మార్సుకోవల్ల. మునుపు మార్సుకుంటే ఎక్కువ రూపాయలొచ్చేటివి. ఇప్పుడు రూపాయికి బలమొచ్చిండాది, అవే దుడ్లకు తక్కువ రూపాయలొస్తాండాయి. సేటుకు తక్కువొస్తే మనకు తక్కువ."

"అంటే రూపాయి బలిసింది, మేము సిక్కిపోవల్ల. అంతేనా?"

"నన్నెందుకంటావు ఆపా, నేనేమన్నా మేపినానా దాన్ని?" అని మేస్త్రీ నవ్వేశాడు. పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. "అయినా మంచిదే అంటాండారు. రూపాయికి బలమొస్తే సరుకులు సవక అయితాయంట."

నేను కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి చూశాను. అవే సింహాలు. ముందు రోజు ఎట్లుందో అట్లనే ఉంది. ఆపా కూడా తనది తీసింది. ఇద్దరం రెండు బిళ్లలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఏం వెతుకుతున్నామో మాకు తెలియదు.

మా అత్త మటుకు ఏమీ చూడలేదు. ఆమె చెయ్యి కుప్పలోనే నిలిచిపోయింది. మేస్త్రీ చివరగా అన్న మాట ఆమె చెవిలో ఉండిపోయిందని ఇంటికి పోయే దారిలో తెలిసింది.

"పాపా, పెరిగే సరుకును ఎవురన్నా అమ్ముకుంటారా?" అని అడిగింది.

"ఎవురమ్ముతారత్తా?"

"పత్తి ధర పెరుగుతాంటే మార్కెట్టుకు తెస్తారా రైతులు?"

"తేరు. ఇంట్లోనే పెట్టుకుంటారు."

"మిరపకాయలు?"

"అవీ అంతే."

ఆమె నడుము దగ్గర తిత్తిని తట్టింది. "మరి మన దగ్గరుండే సరుకు ఇదొక్కటే గదా. ఇది పెరుగుతాందని ఆయప్పే సెప్పె. ఇప్పుడే ఇచ్చేసి జొన్నలు ఎందుకు తీసుకోవల్ల?"

పత్తి బళ్లను, మిరప గోతాలను చూస్తూ పెరిగిన ఊరు మాది. ధర ఎక్కే సరుకును ఎక్కేదాకా పట్టి ఉంచడమన్నది ఈ ప్రాంతంలో ఎవరూ ఎవరికీ నేర్పనక్కరలేదు. రూపాయి కూడా ఒక సరుకే అయితే ఆమె చెప్పిందాంట్లో తప్పెక్కడుంది? నాకప్పుడు కనపడలేదు. నిజం చెప్పాలంటే ఇప్పుడు కూడా వేలు పెట్టి చూపించలేను.

ఆ వారంలోనే ఆపా ఇంకో సంగతి తెచ్చింది. ఆమె అన్న కువైట్‌లో పని చేసేవాడు. అక్కడి నుంచి ఇంటికి ఎప్పుడూ పంపేంతే పంపాడు. బ్యాంకులో మాత్రం ఎప్పుడూ వచ్చేంత రాలేదు.

"మధ్యలో మీరేమన్నా తింటిరా అని అడిగేస్తి" అన్నది ఆపా. "ఆ గుమాస్తా మొగం ఎర్రగా చేసుకొని, రూపాయి పెరిగిందమ్మా అన్నాడు. ఇదేమి రోగమో, అందరికీ ఒకే మాట నేర్పించినారు!"

"మీ అన్నకు కష్టం తగ్గలేదు గదా?" అన్నాను.

"కష్టం యాడ తగ్గుతాది? అదే ఎండ, అదే పని. ఈడికొచ్చేతలికే సన్నగయితాంది."

అటు తర్వాత రేషన్ అంగడికి కొత్త నూనె వచ్చింది. బయటి దేశం నుంచి ఓడల్లో వచ్చిన పామాయిలు. డ్రమ్ము మూత తీస్తే పొద్దుటి చలికి పైన ఇంకా పేరుకొని ఉంది. క్యూలో ఉన్న ఒక ముసలాయన నెయ్యి అనుకొని రెండుసార్లు వాసన చూశాడు. చాలా చవక. రూపాయి బలం వల్లనే చవకయిందని అంగడాయన అన్నాడు, కాదు ప్రభుత్వం సొంత డబ్బు పోస్తోందని పక్కాయన అన్నాడు. మా అత్తకు మొదటి మాట చాలు.

"సూసితివా? నూనె దిగె. ఇంగ జొన్నలు దిగుతాయి."

నూనె చవకయిన మాట నిజమే. కానీ పని సగమయినాక బద్దలు కూడా సగమైనాయి, గానుగకు పోయేంత పోగవడం లేదు. ఎన్నడూ కొనని నూనెను చవగ్గా కొనుక్కుంటున్నాం. ఇది మాకు లాభమా, నష్టమా? అటు తిప్పి లాభమనుకుంటాను, ఇటు తిప్పి నష్టమనుకుంటాను. పొయ్యి మీద ఆ నూనె కాగుతుంటే ఇల్లంతా వేరే వాళ్ల ఇల్లు లాగా వాసన వచ్చేది.

అక్క నుంచి కబురు రాలేదని తమ్ముడే బస్సెక్కి వచ్చాడు. అరుగు మీద కూర్చొని చెంబెడు నీళ్లు తాగి, "అక్కా, బస్తాలు కుట్టి పెట్టిండాను. ఎప్పుడు తేవల్ల?" అన్నాడు.

"ఉండనీ లేరా. యేమంత తొందర?"

"తొందరేమి గాదు. ఎలకలకు తొందరగా ఉంది."

"రూపాయి పెరుగుతాందిరా. ఇంగ రొండు నెలలు పట్టి పెడితే ఇవే దుడ్లకు ఇంకా ఎక్కువొస్తాయి జొన్నలు."

ఆయన అక్క వైపు చూసి, నా వైపు చూశాడు. "ఏమ్మా, అక్కకు ఒళ్లు బాగుందా?"

"నాకేమైందిరా?" అని అత్త లేచింది. "గోడౌనులో మేస్త్రీ సెప్పె, బ్యాంకులో గుమాస్తా సెప్పె, రేషనంగట్లో సెప్పిరి. అందరికీ ఒళ్లు బాగలేదా?"

"ఎవురు సెప్పినా నా చేనుకు ఎవురూ సెప్పలేదక్కా. ఈ యేడు వాన సాల్లేదు, కంకి సగం తాలు. జొన్న దిగదు, ఎక్కుతాది. నా మాట ఇను."

"నీ జొన్నలు నాకు అంటగట్టల్లనే గదా ఇంత దూరమొచ్చింది?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం చిన్నబోయింది. బయటివాళ్ల కంటే తక్కువకే ఇచ్చే మనిషి. లేచి తువ్వాలు భుజాన వేసుకొని, "ఉగాది దాకా పెడతా. ఆనక నాకూ ఇబ్బందే" అని చెప్పి పోయాడు. నేను వండిన అన్నం అట్లనే ఉండిపోయింది.

నా భర్త తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. అయినా మార్కెట్లో కనుక్కొచ్చాడు. "ఒకాయన రూపాయి పెరిగిందనె. ఒకాయన తగ్గిందనె. ఇంగొకాయన, ముందు మూట దించి మాట్లాడు అనె" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వినాక ఎవరికీ ఏమీ తేలలేదు.

ఉగాది వచ్చింది, పోయింది. తమ్ముడు బస్తాలను ఎమ్మిగనూరు వ్యాపారికి వేసేశాడని ఉరుకుంద గుడిలో మొక్కు తీర్చుకొని వస్తూ మా వీధిలో ఆగిన వాళ్లెవరో చెప్పారు. మా అత్త విననట్టే వక్క కొరుకుతూ కూర్చుంది.

పాత జొన్నల ఆఖరి గోతం రోజు రోజుకూ కిందికి దిగుతోంది. ఆమె రోజూ అంగడి ముందర ఆగి ధర అడిగేది. మొదటి రోజుల్లో నిబ్బరంగా అడిగేది. తర్వాత తర్వాత, వేరే పని మీద పోతూ గుర్తొచ్చినట్టు అడిగేది. జొన్న ధర ఒక్కసారి కూడా దిగలేదు. పామాయిలు చవగ్గానే ఉంది, కిరసనాయిలు పెరిగింది, చింతపండు పెరిగింది. రూపాయి పెరిగితే ఓడెక్కి వచ్చే సరుకు తగ్గుతుంది గానీ, ఎద్దులబండెక్కి వచ్చే సరుకుకు ఆ సంగతి తెలియదేమోనని నాకు అప్పుడప్పుడు అనిపించేది. అది నా ఊహే. అడగడానికి ఎవరూ లేరు, చదవడానికి నాకు అక్షరం రాదు.

ఎండలు ముదిరినాక గోతం అడుగు కనపడింది. ఆ రోజు ఆమె నన్ను పిలిచి, "పద, ఎమ్మిగనూరు సంతకు" అన్నది. ఆదోనిలో అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు. రోజూ అడిగిన అంగళ్లే కదా అన్నీ.

సంతలో జొన్నలు పోసుకొని కూర్చున్న ఒక రైతు దగ్గర ఆగాం. అత్త పిడికెడు తీసుకొని అరచేతిలో ఆరబోసుకొని చూసింది. గోడౌను అలవాటు, తాలు గింజలు వేరు చేయసాగింది.

"అవ్వా, ఏరుకుంటావా కొంటావా?" అన్నాడు రైతు.

"ధర సెప్పప్పా."

చెప్పాడు. అత్త గింజలను మెల్లగా కుప్పలో వదిలేసింది.

"రూపాయి పెరిగిందంట గదప్పా?"

"పెరిగితే పెరిగిండొచ్చవ్వా. నా ఎద్దులు అంతకుముందు తినేంతే తింటాండాయి. వాటి సొప్పే ఈ యేడు కొనల్సి వచ్చె."

అత్త తిత్తి విప్పి నోట్లన్నీ తీసింది. ఎన్నో నెలలు మాగబెట్టిన నోట్లు, వక్క వాసన వేస్తున్నాయి. ఎప్పుడూ కొనేదాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ వచ్చాయి జొన్నలు, అంతే. రైతు కొలుస్తున్నంత సేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.

బస్టాండులో మూటల దగ్గర నిలబడి ఉంటే వెనక నుంచి తెలిసిన గొంతు వినపడింది.

"రూపాయి యెంతకొచ్చిందక్కా?"

తమ్ముడు. సంతకు ఏదో పని మీద వచ్చినట్టున్నాడు, బండి పక్కనే ఉంది. ఇద్దరూ అక్కడే పోట్లాడుకుంటారేమోనని నేను మధ్యలోకి జరిగాను.

"నోరు మూసుకొని మూట ఎత్తు" అన్నది అత్త, ఆయన వైపు చూడకుండా.

ఆయన ఎత్తాడు. నిచ్చెన ఎక్కి టాపు మీద తానే సర్ది, తాడు కట్టాడు. "గట్టిగా కట్టు" అని కింద నుంచి ఆమె, "నాకు తెలీదా" అని పైనుంచి ఆయన. అంతలో బస్సు కదిలింది.

ఆదోనిలో నా భర్త మూటలు దించుతూ, "అమ్మా, ఈ చిన్న గోతం మనదేనా?" అన్నాడు. మేము కొన్న వాటిలో చిన్న గోతం లేదు. అత్త గోతం మూతి చూసింది. కుట్టు చూసి గుర్తుపట్టింది. వాళ్ల పుట్టింట్లో అందరూ ఒకే తీరుగా కుడతారు, రెండు పోట్లు దగ్గరగా, ఒకటి దూరంగా. తన ఇంటి తిండికి పెట్టుకున్న జొన్నల్లోంచి తీసి, ఆదోని బస్సు మీద మాకు పంపుదామనే బండిలో తెచ్చినట్టున్నాడు, మా మూటలతో పాటే ఎక్కించేశాడు. ఆమె ఆ గోతాన్ని తలకెత్తుకొని, మేమిద్దరం అడుగుతున్నా ఎవరికీ ఇవ్వకుండా ఇంటి దాకా తానే మోసింది.

అయినా కొత్త పంట దాకా చాలలేదు. రేషన్ గోధుమలు తెచ్చి పిండి పట్టించాం. ఆ పిండిని ఆమె జొన్నరొట్టె తట్టినట్టే చేత్తో తట్టేది. అట్టముక్క లాగా వచ్చేది. నమిలి నమిలి మింగేవాళ్లం. మరుసటి ఏడు కళ్లం కాకముందే ఆమె తమ్ముడి ఊరికి పోయి, బస్తాలు కుట్టేదాకా అక్కడే ఉండి, వాటితో పాటే బస్సులో వచ్చింది.

గోడౌనులో మళ్లీ అందరికీ పని దొరికింది. ఎందుకు పోయిందో, ఎందుకు వచ్చిందో మేస్త్రీ ఈసారి చెప్పలేదు, మేమూ అడగలేదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది దాని తర్వాత, ఎనభైల్లో. బడి వరండాలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు చదువు చెప్పేవాళ్లు. నలభై దగ్గర పడుతున్న మనిషిని, పలక పట్టుకొని పోతుంటే ఆపా, "గింజలేరే కండ్లు, అక్షరాలు ఏరలేవా, పో" అని తోసేది. కూడబలుక్కొని చదవడం వచ్చినాక నా భర్త టీ అంగడి నుంచి ముందు రోజు పేపరు తెచ్చి ఇచ్చేవాడు. ఒకరోజు అందులో రూపాయి అనే మాట కనపడింది. విలువ పడిపోయిందని పెద్ద అక్షరాల్లో వేశారు. ఆ రోజుల్లోనే గోడౌనులో కూలి కొంచెం పెంచారు, రేషన్ నూనె కూడా పెరిగింది. పెరిగినప్పుడు కూలి తగ్గింది, తగ్గినప్పుడు కూలి పెరిగింది. నేను పేపరును తిప్పి మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఆ రోజు ఇంట్లోకి జొన్నలు వచ్చి ఉన్నాయి. అత్త గోతాల నడుమ కూర్చొని వేపాకు దూస్తోంది.

"ఏమే, అంత సేపు సదువుతాండావు. యేముంది దాంట్లో?"

"రూపాయి తగ్గిందంటత్తా."

ఆమె చెయ్యి ఆగింది. "సదువు."

చదివాను. ఒక్కో మాట దగ్గర ఆగి, కలుపుకొని, కింది దాకా చదివాను. ఎగుమతులు, దిగుమతులు, డాలరు. ఆమె చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"అయితే మనకు మంచిదా, చెడ్డదా?"

నేను మళ్లీ వెతికాను. పై నుంచి కింది దాకా వేలు పెట్టి చూశాను.

"అది రాయలేదత్తా."

"అంత పొడుగు రాసి అదొక్కటి రాయలేదా?" అన్నది. దబ్బళం నా వైపు చాపింది. ఆమెకు అప్పటికి చూపు ఆనేది కాదు. నేను పురికొస నోట్లో తడిపి, బెజ్జంలోకి ఎక్కించి ఇచ్చాను. ఆమె మొదటి గోతం మూతి దగ్గరికి లాక్కుంది.